విస్తళ్ళ లెక్క

(రాయచెర్లులో పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో గావించిన ప్రసంగ పాఠము)



పిల్లల పాటలు, నాటికలు చూడవచ్చిన మీ యెదుట వెబ్‌సైట్లను గూర్చి మాటాడుట ఏమి న్యాయమని కొందరు తలపవచ్చును. అది సహజమే. కాని మనవంటి పాఠశాలలు నిలుచుట కూడ ఒక లెక్కపైననే ఆధారపడి యున్నదని మీరెరుగుదురు. ప్రాథమిక పాఠశాల మొత్తమున 40 మందిగాని, ఒక తరగతిలో 10 మందిగాని ఒక భాషవారి పిల్లలున్నచో ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని ఈయవలెనని 1949లో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము అంగీకరించినది. 1956లో రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతులు కల్పించుటకు రాష్ట్రములు ప్రయత్నింపవలెనని చెప్పినది. బడులు తెరచు దినములలో పదవ పిల్లవాని కొరకు ఉపాధ్యాయులు ఇల్లిల్లు తిరుగుట మీరు చూచినదే. తొమ్మిదిమంది యున్నచోట తెలుగు లేదు, పదిమంది యున్నచోట కలదు. కావున లెక్కయన్న మనకు భయమును కలదు, భక్తియు కలదు. నేడు మేము చెప్పదలచిన సంగతి ఈ భయభక్తులకు సంబంధించినదే.

ప్రభుత్వ శాఖలు ప్రజాధనముతో సేకరించిన లెక్కలను, రహస్యములు కానివానిని, బీరువాలలో నుంచక ఎవరైనను తీసికొని వాడుకొనునట్లు తెరచి పెట్టవలెనని కేంద్ర ప్రభుత్వము 2012లో ఒక విధానమును ప్రకటించినది. ఆ యేడే జాతీయ డేటా పోర్టల్ ఆరంభమైనది. తెలంగాణ ప్రభుత్వము 2016లో తన విధానమును ప్రకటించి తానును ఒక పోర్టల్ తెరచినది. మనము పహణీ కొరకు చూచెడి ‘భూమి’ వేరు, ఇది వేరు. అందు ఒక్కని పొలము సంగతి చూతుము. ఇందు తాలూకాలో వాన ఎంత, బావినీటిలో ఫ్లోరైడు ఎంత, బడులలో పిల్లలెందరు అను ఊరుమ్మడి సంగతులు చూడవచ్చును.

ఇవి మనకెందుకని అడుగనక్కరలేదు. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరునకు 1.5 మిల్లీగ్రాములు దాటరాదని భారత ప్రమాణము. పావగడ ప్రాంతపు పండ్లను చూచినవారికి ఆ గీత ఎచ్చట దాటినదో పట్టిక చూపి చెప్పవలసిన పనిలేదు. కాని అధికారికి అర్జీ వ్రాయునపుడు మాత్రము పట్టికయే కావలెను. సౌరవిద్యుత్తు సంగతియు అట్టిదే. తిరుమణి, బళసముద్రము, వళ్ళూరు, క్యాతగానచెర్లు, రాయచెర్లు అను ఈ అయిదు గ్రామముల పొలములు సుమారు 13,000 ఎకరములు అద్దపు పలకల క్రిందికి పోయినవి. 2,050 మెగావాట్ల పార్కు వెలసినది. రైతులు భూమిని అమ్మక కౌలునకిచ్చిరి. ఎకరమునకు ఏటికి 21,000 రూపాయలతో మొదలై, రెండేండ్లకొకసారి నూటికి 5 వంతున పెరుగునట్లు ఏర్పాటు. ఇట్టి యూరివారికి విద్యుత్తు లెక్క, వాన లెక్క, భూగర్భజలపు లెక్క చూడవలెనను కోరిక పుట్టుటలో వింత ఏమున్నది?

ఇక, ఇట్టి పోర్టల్ నడపు అధికారికి ఒక సందేహము కలుగును. ఇంత శ్రమపడి పెట్టినదానిని ఎవరైనను చూచుచున్నారా? ఏ పట్టికను ఎక్కువమంది తీసికొనుచున్నారు? ఈ సందేహము న్యాయమైనదే. పై అధికారి కూడ అదే అడుగును, నిధులిచ్చువాడును అదే అడుగును. దీనికి కనిపెట్టిన సాధనమునే వెబ్ అనలిటిక్స్ అందురు. దానిని పోర్టల్‌లో అమర్చుట ఒక పూటపని. దాని ఫలితమును చదువుట మాత్రము ఒక పూటలో వచ్చు విద్య కాదు.

పెండ్లిలో ఎందరు భోజనము చేసిరో మనము ఎట్లు తెలిసికొందుము? ఎంగిలి విస్తళ్ళు లెక్కింతుము. అనలిటిక్స్ అనునది విస్తళ్ళ లెక్క. ఇందు రెండు పద్ధతులు గలవు. మొదటిది వంటయింటి లెక్క: పోర్టల్ ఉన్న సర్వరు తాను ఏ చిరునామానుండి, ఏ వేళ, ఏ పుట అడుగబడినదో చిట్టాలో వ్రాసికొనును. రెండవది పందిరి లెక్క: ప్రతి పుటలోను ఒక చిన్న ప్రోగ్రాము ముక్కను ఉంచుదురు, అది చూచువాని ఫోనులో మేలుకొని, తరచు కుకీ యను గురుతు నొకదానిని అందు విడిచి, ‘ఒకరు వచ్చిరి, ఇంతసేపు కూర్చుండిరి’ అని కబురు పంపును.

రెంటికిని లోపములు గలవు. వంటయింటి చిట్టాలో మనుష్యులు మాత్రమే కాదు, గూగుల్ మున్నగు సంస్థలు పంపెడి బాట్లు అను యంత్రములు కూడ అతిథులుగా కనబడును. వానిని ఏరివేయనిచో పోర్టల్ ముందు తిరునాళ్ళు జరుగుచున్నట్లు తోచును. పందిరి లెక్కలో దోషము దీనికి ఎదురు. పందిట్లో కూర్చుండక గిన్నెతో వంట ఇంటికి తీసికొని పోయినవాని విస్తరి పందిట్లో దొరకదు గదా! డేటా పోర్టల్‌లో ముఖ్యమైన వాడుక అంతయు గిన్నెతో తీసికొని పోవుటయే. పట్టిక ఫైలును తిన్నగా లింకునుండి దింపుకొన్నను, ఏపీఐ అను మార్గమున ఒక ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును అడిగి తెచ్చుకొన్నను, పుటలోని ఆ చిన్న ముక్క మేలుకొననే మేలుకొనదు. వార్తాపత్రికకు పోర్టల్ వెలిగా పొందుపరచిన లంకెలనుండి అంకెలు తీసికొను విలేఖరి, పరిశోధన చేయు విద్యార్థి, వీరే ఆ పోర్టల్‌కు నిజమైన చుట్టములు. వీరే లెక్కలోనికి రాక పోవుదురు. కావున రెండు చిట్టాలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చూడని అధికారి తన పోర్టల్‌ను తానే తక్కువగా చూచుకొనును.

ఒక్క విస్తరిలో పదిమంది తినుటయు కలదు. గ్రామ ఒన్ కేంద్రములో కూర్చుండు యువకుని యంత్రము ఒక్కటి. అతని బల్లచుట్టు నిలిచి చదివించుకొనువారెందరో మనము చూచుచునే యున్నాము. ఇంటిలో ఒక్క ఫోనుండి, దానిని చదువగల మనుమరాలు ఒక్కతె యుండి, వినువారు అయిదుగురున్నపుడు ఆ లెక్కలో చేరునది ‘ఒకరు’ మాత్రమే. పట్టణమున ఇందుకు విరుద్ధముగా ఇంట ఒక ఫోను, కార్యాలయమున ఒక కంప్యూటరు గలవాడు ఇద్దరై కూర్చుండును. ఊరు తగ్గుట, పట్టణము పెరుగుట ఈ లెక్కలో పుట్టుకతోనే యున్నది.

ఇంతవరకు చెప్పినవి ఎల్లవారికి వర్తించు మాటలు. భాషాల్పసంఖ్యాకులమగు మనకు ప్రత్యేకముగా వర్తించునవి రెండు గలవు. ఇందుకొరకే ఈ విషయమును ఎన్నుకొంటిమి.

మొదటిది, అనలిటిక్స్ పట్టికలో ‘భాష’ అని ఒక గడి యుండును. అందు ఇంగ్లీషు ఇంత, కన్నడము ఇంత, తెలుగు ఇంత అని నూటికి వంతులు వేసి చూపుదురు. చూచినవాడు అది చదువరుల భాష యనుకొనును. కాదు. ఫోనులో గాని బ్రౌజరులో గాని ఏ భాష అమర్చబడి యున్నదో అదియే ఆ గడిలో పడును. ఈ ప్రసంగమును వ్రాయుటకు కూర్చుండినపుడు మా ఇంటిలోని ఫోనును తీసి చూచితిమి. ఇంగ్లీషులోనే యున్నది! తెలుగును గూర్చి సభలలో మాటాడెడి మేమే ఆ గడిలో ఆంగ్లేయులమై పోయితిమి. మీ ఫోనులను ఇప్పుడే తీసి చూచుడు; ఎందరవి తెలుగులో నున్నవో చేతులెత్తుడని అడుగుటకు మాకు ధైర్యము చాలకున్నది.

జనగణనకు వచ్చు ఉద్యోగి ‘మీ మాతృభాష ఏది?’ యని మనలను అడిగి వ్రాసికొనును. ఫోను మనలను ఏమియు అడుగదు, తానే చెప్పివేయును. రేపు ఒక అధికారి ఆ గడిని చూచి, ‘ఈ తాలూకానుండి తెలుగువారెవ్వరును రాలేదు గదా, తెలుగు వివరణ ఎందుకు?’ అనినచో మనము ఏమి చెప్పగలము? ఒక ప్రాంతమున జనసంఖ్యలో నూటికి 15 మొదలు 20 వంతుల వరకు అల్పసంఖ్యాక భాషవారున్నచో ముఖ్యమైన ప్రకటనలు వారి భాషలోను ప్రచురింపవలెనని 1956 నాటి కేంద్ర ప్రభుత్వ వివరణపత్రము సూచించినది. అది తలలను లెక్కించి చెప్పిన మాట; ఫోను అమరికలను లెక్కించి చెప్పినది కాదు. ఈ రెంటిని కలిపి వండరాదు.

రెండవది చోటు. చిరునామాను బట్టి చూచువాడు ఏ యూరివాడో యంత్రము ఊహించును. అది ఊహ మాత్రమే. మొబైలు సంస్థలు వేలకొలది ఫోనులను కొద్ది చిరునామాల వెనుక కూర్చి, పెద్ద నగరములోని తమ ద్వారముగుండా పంపుచుండుటచే, రాయచెర్లులో చూచినది బెంగళూరులో చూచినట్లు పడవచ్చును. మన పావగడకు మూడు దిక్కుల ఆంధ్ర దేశమే. మడకశిర సంతలో కొన్న సిమ్ముతో ఇచ్చట చూచినవాడు ఆంధ్రప్రదేశ్ ఖాతాలో పడిపోవచ్చును. సరిహద్దుననున్నవారికి ఇది క్రొత్త కాదు. మనము ఎవరి ఖాతాలో నున్నామో తెలియక రెండు కచ్చేరుల మధ్య తిరిగిన దినములు పెద్దలకు జ్ఞప్తియందే యుండును.

అట్లయిన లెక్కయే వలదందుమా? అనము. లెక్క లేనిచోట మాట మాత్రమే మిగులును. మాటలో గొంతు పెద్దదైనవాడే గెలుచును. లెక్క కావలెను. అయితే విస్తళ్ళు లెక్కించుట వేరు, ప్రతి విస్తరి అంచున తిన్నవాని పేరు వ్రాసి దాచుట వేరు. మనవంటి చిన్న యూళ్ళలో ఈ భేదము ప్రాణప్రదమైనది. ఫలాని గ్రామమునుండి ఫలాని రాత్రి కౌలు లెక్కలను ఒక్కరే చూచిరని పట్టికలో వచ్చినచో, ఆ ఒక్కరెవరో తెల్లవారునప్పటికి రచ్చబండ చెప్పగలదు. బెంగళూరులో ఒకడు వేలలో ఒకడు. ఇచ్చట ఒకడు ఒకడే. కావున పదిమంది లోపు సంఖ్యలను ఊరి పేరుతో ప్రకటింపక, తాలూకా మొత్తములో కలిపివేయవలెనని మా అభిప్రాయము. పదియను సంఖ్యతో మనకు ఎట్లును చుట్టరికము కలదు.

ఆంతరంగిక స్వేచ్ఛ రాజ్యాంగము రక్షించు హక్కని సుప్రీంకోర్టు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పినది. ఆ వ్యాజ్యమును తెచ్చిన పుట్టస్వామిగారు మన కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా పనిచేసినవారే. 2023లో వ్యక్తిగత డేటా రక్షణకు చట్టమును వచ్చినది.

లెక్కను ఎవరింట దాచవలెననునది మరియొక ప్రశ్న. 2005లో గూగుల్ సంస్థ తన అనలిటిక్స్‌ను ఉచితముగా ఈయ నారంభించినది. అమర్చుట సులభమగుటచే లోకమంతట వ్యాపించినది. కాని లెక్క వారి సర్వర్లకు పోవును. ఈ కారణము చేతనే 2022లో ఆస్ట్రియా, ఫ్రాన్సు దేశముల డేటా రక్షణ అధికారులు, కొన్ని వెబ్‌సైట్లలో దాని వాడుక ఐరోపా నియమములకు విరుద్ధమని తేల్చిరి. 2023 జూలై 1న ఆ సంస్థ తన పాత పద్ధతిని నిలిపివేసి క్రొత్తదానికి మారుడనగా, అందరును మారవలసి వచ్చినది. ఇరుగువారి గాదెలో పోసిన గింజలకు తాళము వారిదే. 2007లో పివిక్ అను పేర పుట్టి, 2018నుండి మటోమో యనబడుచున్న ఉచిత సాధనము గలదు. దానిని ప్రభుత్వమే తన సర్వరులో నిలుపుకొని, చిరునామా తోకను తుడిచి, కుకీలు లేకయే లెక్కించుకొనవచ్చును. దానిని నడుపుటకు ఒక మనిషి కావలెను, నిజమే. ఆ జీతము దండుగ కాదని మేము తలచుచున్నాము.

అమెరికా ప్రభుత్వము 2015నుండి తన వెబ్‌సైట్లకు వచ్చువారి మొత్తపు లెక్కను, పేర్లు లేకుండ, ప్రజలకే చూపుచున్నది. మన జాతీయ పోర్టల్‌లో కూడ పట్టిక ప్రక్క ఎన్ని సారులు చూడబడినదో, ఎన్ని సారులు దింపుకొనబడినదో కనబడును. డేటాను తెరచిన చోట ఆ డేటాను చూచినవారి లెక్కయు తెరచియుండుట ఉచితము. అయితే ఆ అంకె ప్రక్క, అది ఏ పద్ధతిని లెక్కింపబడినదో, ఎవరు అందు చేరరో రెండు పంక్తులు వ్రాయవలెను.

అన్నిటికంటె విలువైన లెక్క ఒకటి మిగిలినది. పోర్టల్‌లో వెదకుటకు ఒక పెట్టె యుండును. అందు ఏమి వ్రాసినను ‘ఏమియు దొరకలేదు’ అని వచ్చినవానిని ఒకచోట కూర్చి చూచినచో, ప్రజలకు కావలసియు పోర్టల్‌లో లేనిదేదో తెలియును. మన ఊరి పేరే తీసికొనుడు. తెలుగులో రాయచెర్లు, రాయచర్లు అని ఇరువిధముల వ్రాయుదురు. కన్నడ అక్షరములలో ఒక తీరు, ఇంగ్లీషు అక్షరములలో మూడు నాలుగు తీరులు. పోర్టల్‌కు తెలిసినది అందొక్కటే యగుచో, తక్కిన వ్రాతలతో వచ్చినవారందరును వట్టి చేతులతో తిరిగిపోవుదురు. వారు వచ్చిరన్న సంగతి ఈ ఒక్క చిట్టాలోనే యుండును. ఇందును జాగ్రత్త అవసరమే. వెదకు పెట్టెలో తమ పేరు, సర్వే నెంబరు వ్రాయువారు గలరు. కనుక పలువురు వ్రాసిన మాటలను మాత్రము ఉంచి తక్కినవి చెరిపివేయవలెను.

ఈ సంగతులతో మన సంఘము తరఫున సంబంధిత శాఖకు ఒక విన్నపము సిద్ధమగుచున్నది. భాష గడిని మాతృభాషకు ప్రమాణముగా గైకొనరాదనునది అందు మొదటి మాట. దానికి జతపరచుటకు ఒక కాగితమును ప్రధానోపాధ్యాయుల గదిలో ఉంచితిమి. పోర్టల్‌లో మీరు ఏ లెక్క చూడగోరుదురో అందు వ్రాయుడు, పేరు వ్రాయనక్కరలేదు. వ్రాతరానివారు పిల్లలచే వ్రాయింపవచ్చును. ఒక ఫోను మీద ఎందరు ఆధారపడి యున్నారో ఆ సంఖ్యయు, రాయచెర్లు అను పేరును మీరు ఏ లిపిలో, ఏ అక్షరములతో కొట్టుదురో అదియు వేయుడు. వచ్చు ఆదివారము వరకు ఆ గది తెరచి యుండును.