ఒళ్లు నొప్పుల వెనక ఏముంది?
(వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



మెడ, భుజాలు, నడుము, మోకాళ్లు అన్నీ ఒకేసారి గుంజుతున్నయని చెప్పే అక్కలు మన ప్రతి సంఘంలో ఉన్నరు. రిపోర్టులు మంచిగ వస్తే ఇంట్లో వాళ్లు "పని ఎగ్గొట్టే నొప్పి" అంటరు. ఆ మాట తప్పు. నొప్పికి ఒంట్లోనే కారణాలుంటయి.

మొదటిది డి విటమిన్. తెల్లారకముందే షిఫ్టుకు పోయి, షెడ్డులో పనిచేసి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి ఎండ ఎక్కడ తగులుతది? అది బాగా తగ్గితే ఎముకలు మెత్తబడి నడుము, తొడలు నొస్తయి. రెండోది థైరాయిడ్. అది మందగిస్తే కండరాలు పట్టేస్తయి. చికున్‌గున్యా జ్వరం పోయినా కొందరికి కీళ్ల నొప్పి నెలల తరబడి ఉంటది. పొద్దున లేవగానే వేళ్లు వాచి, గంటకు పైగా బిగుసుకుంటే కీళ్లవాతం కావచ్చు. దానికి ఆలస్యం పనికిరాదు.

ఇక నీళ్లు. ఫ్లోరైడు కీళ్లను బిగదీస్తదని 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించిన్రు. నల్గొండ గోస మనకు తెలిసిందే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు. కాగబెడితే ఫ్లోరైడు పోదు. మన పటాన్‌చెరు కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు చేరింది. అట్లని ప్రతి నొప్పినీ కంపెనీల ఖాతాలో వేస్తే అసలు జబ్బు దాగిపోతది.

ఇవేవీ లేకున్నా మూడు నెలలకు పైగా ఒళ్లంతా నొచ్చి, నిద్ర పట్టక, అలసట తీరకపోతే ఫైబ్రోమయాల్జియా అనే జబ్బు కావచ్చు. ఇది ఆడవాళ్లలోనే ఎక్కువ. మైకు సౌండు పెంచినట్టు నరాలు, మెదడు నొప్పిని పెంచి చూపిస్తయి. ఎక్స్‌రేలో కనబడదు, కానీ నొప్పి నిజం. రోజూ కొద్దికొద్దిగ నడక పెంచుడు, వేళకు నిద్ర, డాక్టరు రాసిన మందు దీనికి మేలు చేస్తయి.

దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి గోలీలు రోజూ మింగితే కిడ్నీలు, కడుపు దెబ్బతింటయి. ఏం మందో తెలియని సూదులు వేయించుకోవద్దు.

అందుకే మూడు పనులు పెట్టుకుందాం. నొప్పి ఉన్న సభ్యురాలిని సంఘం అక్క ఒకరు వెంట ఉండి సర్కారు దవాఖానకు తీసుకపోవాలె. రక్తం, థైరాయిడ్, డి విటమిన్ పరీక్షల గురించి అడగాలె. బోరు నీళ్లు తాగే వాడల్లో నీటి పరీక్ష చేయించాలె. స్కానింగుల కోసం అప్పు తీసే ముందు సంఘంలో చెప్పాలె.

నొప్పిని ఓర్చుకునుడు గొప్ప కాదు, అక్కలారా. సంఘంలో నోరు విప్పి చెప్పుడే వైద్యానికి మొదటి మెట్టు.