సన్నాయి పలుకు సరసము



మన పల్నాటి పల్లెలలో పెండ్లియనగానే తొలుత వినబడునది సన్నాయి. ముహూర్తవేళ మంగళవాద్యము గంభీరముగా మ్రోగును. భోజనములవేళ విద్వాంసుడు తేలికపాట నెత్తుకొనును. కీర్తన గొప్పది, తేలికపాట తక్కువది యని కొందరి మతము. ఈ మాట విచారింపదగియున్నది.

ఇటలీదేశమున వెనిస్ నగరమందు 1876వ సంవత్సరమున ఎర్మానో వోల్ఫ్-ఫెరారీ యను సంగీతకర్త జన్మించెను. తండ్రి జర్మను చిత్రకారుడు. తల్లి వెనిస్ వనిత. ఆయన కృతులలో ముఖ్యమైనవి సంగీతనాటకములు. మన యక్షగానములందువలెనే వానియందును కథను నడపునది పాటయే. గోల్డోనీ యను పూర్వకవి హాస్యనాటకములను పెక్కింటిని ఆయన పాటలుగా మలచెను. 1914లో మొదలైన ప్రపంచయుద్ధములో తండ్రిదేశమును తల్లిదేశమును ఎదురుపక్షముల నిలిచినవి. ఆ వ్యథచే ఆయన కలము మందగించెను.

అట్టివాడు ఉత్తరవయస్సున ఓబో, బసూన్ అను ఊదువాద్యములకు చిన్నచిన్న ప్రబంధములు కూర్చెను. 1947లో, డెబ్బదియేండ్లు దాటినపిమ్మట, ఇంగ్లీషు హార్న్ అను వాద్యమునకు మరియొకటి వ్రాసి, 1948లో గతించెను. వానియందు ఆర్భాటము లేదు. వాద్యము నాటకపాత్రవలె ముద్దుగా పలుకును. తంత్రీవాద్యములు బదులు చెప్పును. దుఃఖ మెరుగనివాని నవ్వు కాదది. దుఃఖమును దాటినవాని నవ్వు.

ఓబో మన సన్నాయికి జ్ఞాతియే. రెండింటను గడ్డిజాతి కాడతో చేసిన జంటరేకులు ఊపిరికి అదరి నాదమును పుట్టించును. మన చిలకలూరిపేట ఈ విద్యకు పెట్టినది పేరు. 1924లో ఒంగోలుచెంత కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానాగారు ఈ పేటయందు షేక్ ఆదం సాహెబుగారికడ నేర్చి, పిదప శ్రీరంగమున స్థిరపడి, 1977లో పద్మశ్రీ బిరుదము నందిరి. మహమ్మదీయ కుటుంబములవారు దేవాలయములలో స్వామికి నాదసేవ చేయుట మనసీమకు గర్వకారణము.

తేలికపాట తేలికపని కాదు. బరువైన రాగమున కెంత ఊపిరి వలయునో, చిలిపి పలుకునకు నంతే వలయును. శ్రమ మాత్రము పైకి కానరాదు.

నేడు పందిళ్లలో యంత్రములు పాడుచున్నవి. యంత్రమునకు అలసట లేదు. పెండ్లికూతురి కంటనీరు చూచి రాగము మార్చు నేర్పును లేదు. కావున పెద్దలగు మీరు సన్నాయివారిని పిలిచినప్పుడు, విస్తళ్ల సందడిలో నొకింతసేపు మాటలు మాని వినుడు. తన కుమారునకు ఈ విద్య నేర్పవలెనా, మానవలెనా యని ఆ తండ్రి నిశ్చయించుకొనునది ఆ కొద్దిసేపటిలోనే.