మారే చిరునామా - నిలిచే నమ్మకం
(మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



చిరునామా మారడం ఆడవాళ్ళకు కొత్త కాదు. పుట్టింటి నుంచి అత్తింటికి, అక్కడినుంచి భర్త బదిలీలతో ఊరూరికీ మారుతూనే ఉంటాం. మారినప్పుడల్లా రేషను కార్డు దగ్గరా, బ్యాంకులోనూ మనమెవరమో మళ్ళీ మొదటినుంచి రుజువు చేసుకోవాలి. స్థిరమైన చిరునామా లేనివాళ్ళు నమ్మదగినవాళ్ళు కాదన్న ఈ పాత భావన కంప్యూటర్ నెట్‌వర్కుల్లోకి కూడా ప్రవేశించింది. ఈరోజు దాని గురించి మాట్లాడతాను.

ఇంటర్నెట్‌లో చేరే యంత్రానికి ఐ.పి. అడ్రసు అనే సంఖ్య ఉండాలి. పాత పద్ధతిలో ఈ సంఖ్యలు మొత్తం దాదాపు 430 కోట్లే. ఇవి చాలవు కనుక కంపెనీలు వీటిని అద్దె ఇళ్ళలా తిప్పుతుంటాయి. ఇవాళ నాకిచ్చింది రేపు మరొకరికి ఇస్తాయి. మొబైల్ ఫోన్లలోనైతే ఒకే సంఖ్య వెనక ఒకే సమయంలో ఎంతోమంది ఉంటారు.

మధ్యవర్తి లేకుండా కంప్యూటర్లు నేరుగా ఒకదానితో ఒకటి ఇచ్చిపుచ్చుకోవడాన్ని పీర్-టు-పీర్ అంటారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు చేబదులు ఇచ్చుకోవడం లాంటిదే. అయితే ఇక్కడ ఎగ్గొట్టినవాడు మర్నాడే కొత్త పేరుతో రాగలడు. పేరు మార్చుకోవడం ఇంత సులువైనచోట, ఆ మోసాల మూల్యం నిజాయితీగా వచ్చే కొత్తవాళ్ళే చెల్లించాల్సి వస్తుందని ఫ్రీడ్‌మన్, రెస్నిక్ అనే పరిశోధకులు 2001లో చూపారు. కొత్త కోడలి మీద ఉండే అనుమానం మనకు తెలిసిందే కదా! ఒక్కడే వందమందిగా నటించే మోసాన్ని 2002లో జాన్ డౌసర్ విశ్లేషించాడు. దానికి 'సిబిల్ దాడి' అని పేరు పెట్టారు. సిబిల్ అంటే బహుళ వ్యక్తిత్వాల రోగిగా 1973 నాటి ఒక పుస్తకంలో చిత్రించిన స్త్రీ. మోసానికి పేరు కావలసివస్తే స్త్రీ అనారోగ్యమే గుర్తొచ్చింది!

ఈ మోసాలకు విరుగుడుగా చాలాచోట్ల ఐ.పి. అడ్రసునే మనిషికి గుర్తుగా పట్టుకున్నారు. ఫలితం ఏమిటి? 2008లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సినిమాలు దొంగిలించాయంటూ ప్రింటర్ల పేర నోటీసులు వచ్చేలా చేసి చూపించారు. మన దేశంలో 2007లో ఒక టెలికాం కంపెనీ ఇచ్చిన తప్పుడు ఐ.పి. వివరాలతో బెంగుళూరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని పుణె పోలీసులు అరెస్టు చేశారు. ఏ తప్పూ చెయ్యని మనిషి యాభై రోజులు జైల్లో ఉన్నాడు.

స్త్రీల విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. వాట్సాప్‌లో ఇద్దరి మధ్య కాల్ చాలావరకు నేరుగా సాగుతుంది. అలా సాగినప్పుడు అవతలివాడి యంత్రానికి మన ఐ.పి. అడ్రసు చేరుతుంది. దానితో ఇంటి నంబరు తెలియదు గానీ, ఏ ప్రాంతంలో ఉన్నామో సుమారుగా పసిగట్టవచ్చు. కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చిన స్త్రీకి అది చిన్న విషయమా? 2023 నవంబరులో ఈ అడ్రసును దాచే ఏర్పాటు వచ్చింది. కానీ సెట్టింగులు, ప్రైవసీ, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్ళి మనమే దాన్ని పెట్టుకోవాలి. ఈ సంగతి మన కార్యకర్తలు ఊరూరా చెప్పాలి.

మరి నమ్మకం దేనిమీద నిలవాలి? నా ఉద్దేశంలో ప్రవర్తన మీద. 2001లో వచ్చిన బిట్‌టొరెంట్ ఎదుటివారు ఎంత ఇస్తున్నారో చూసి తాను ఇస్తుంది. చిరునామా ఎన్నిసార్లు మారినా మారని రహస్య తాళంచెవితో సంతకం చేసే పద్ధతులూ ఉన్నాయి. ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసినప్పుడు ఒకరి ఫోన్లోని భద్రతా సంఖ్యను మరొకరు సరిచూసుకోవచ్చు. ముఖాముఖి పరిచయమే అక్కడ జామీను.

అందుకే మనం రెండు అడగాలి. ఐ.పి. అడ్రసు ఒక్కటే ఆధారంగా ఎవరినీ నేరస్తులుగా నిలబెట్టకూడదు. వేధింపుల ఫిర్యాదు వచ్చిన వెంటనే ఆ సంఖ్య ఏ క్షణాన ఎవరి దగ్గర ఉందో రికార్డు చెరిగిపోకముందే పోలీసులు తెప్పించి, ఇతర సాక్ష్యంతో సరిచూడాలి. చిరునామా మార్చుకోవడం నేరం కాదు. చాలామంది స్త్రీలకు అది ప్రాణరక్షణ.