మన జిల్లాలో చూడ్డానికి ఏముందంటే...

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల సంగతి, వైద్య ఖర్చుల బిల్లుల సంగతి కార్యదర్శిగారు వివరంగా చెప్పారు. నన్ను మన శ్రీకాకుళం జిల్లా విశేషాల మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను గుమస్తాగా పనిచేసినవాణ్ణి గాని పండితుణ్ణి కాను. తిరిగినంత, తిన్నంత, తెలిసినంత చెబుతాను.

మనం ఉద్యోగాల్లో ఉన్నన్నాళ్ళూ ఏ నివేదిక తీసినా మొదటి వాక్యం ఒకటే: ‘ఇది వెనుకబడిన జిల్లా’. నిధుల కోసం అలా రాయక తప్పదు, అందులో అబద్ధమూ లేదు. అయితే ఆ మాట ఫైలు దాటి మన ఇళ్ళలోకి వచ్చేసింది. సెలవులకు బెంగుళూరు నుంచి వచ్చిన మా మనవడు రెండోరోజే, “ఇక్కడ చూడ్డానికి ఏముంది తాతయ్యా?” అన్నాడు. వాడి తప్పు కాదు. వాడికి చెప్పినవాళ్ళు లేరు.

కాగితాల్లో మన సరిహద్దులు చాలాసార్లు మారాయి. 1936 దాకా గంజాం జిల్లా, తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950 ఆగస్టు 15 నుంచి సొంత జిల్లా. 1979లో బొబ్బిలి, పార్వతీపురం వైపు విజయనగరం జిల్లాలోకి పోయాయి. 2022లో పాలకొండ ఒకవైపు, రాజాం ఒకవైపు వెళ్ళాయి. నాగావళి, వంశధార మాత్రం ఉన్నచోటే ఉన్నాయి.

ఆ వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం ఒకప్పుడు తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం. ఈనాడు పల్లెటూరు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర ఆలయాలు మాత్రం నిలిచి ఉన్నాయి. ఆ గోడల మీది శిల్పం చూడడానికి ఒక పూట చాలదు. ఆ ఊరే కళింగనగరమని శాసనాలు చదివి చెప్పిన పెద్దల్లో గిడుగు రామమూర్తి పంతులుగారు ఒకరు. ఆయన 1863 ఆగస్టు 29న పుట్టిన పర్వతాలపేట అక్కడికి దగ్గరే. సవర భాష నేర్చుకుని దానికి నిఘంటువు రాసినవారు, మనం మాట్లాడే తెలుగుకు పుస్తకాల్లో చోటిప్పించినవారు ఆయన. ‘ఏటి’, ‘బేగి’ అన్న మాటలు వింటే నవ్వే పిల్లలకు ఈ సంగతి చెప్పాలి.

అరసవల్లి గురించి మీకు చెప్పనక్కరలేదు. మబ్బు లేకుంటే మార్చి 9, 10 తేదీల్లోనూ, అక్టోబరు 1, 2 తేదీల్లోనూ ఉదయకిరణాలు స్వామి పాదాలను తాకుతాయి. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, ధ్వజస్తంభాలు రెండు. స్తంభాల మీద శాసనాలు, గోడల మీద పాత వర్ణచిత్రాలు ఉన్నాయి. పిల్లలకైతే అక్కడ పెంచే నక్షత్ర తాబేళ్ళే పెద్ద ఆకర్షణ. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాల మధ్య నిలబడితే కింద వంశధార కనిపిస్తుంది. మెట్లెక్కలేనివారు కళింగపట్నం వెళ్ళి, నది సముద్రంలో కలిసేచోట కూర్చుంటే చాలు. టెక్కలి దగ్గర తేలినీలాపురానికి ఏటా శీతాకాలం ముందు గూడకొంగలు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చి చెట్ల మీద గూళ్ళు కడతాయి. ఆ ఊరివాళ్ళు వాటిని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లా చూస్తారు, రాయి విసరనివ్వరు.

ఇక పొందూరు. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడతాను. పొందూరు ఖద్దరు పంచె మనలో చాలామంది కట్టాం. గాంధీగారు ఈ బట్ట సంగతి విని తన కుమారుడు దేవదాస్ గాంధీని చూసి రమ్మని పంపారు. కొండపత్తిని ముందు వాలుగ చేప దవడతో దువ్వుతారు. సన్నని పళ్ళున్న ఆ ఎముకే వాళ్ళకు దువ్వెన. తర్వాత గింజ తీసి, ఏకి, ఏకులు చేసి, నలిగిపోకుండా ఎండిన అరటి దొప్పలో దాచి, రాట్నం మీద వడుకుతారు. నూరో నంబరు నూలంటే ఏమిటో లెక్క చెబుతాను, గుమస్తా బుద్ధి పోదు కదా. పౌను బరువు నూలులో నూరు చిలపలుంటాయి. చిలప 840 గజాలు. మొత్తం 84,000 గజాలు, అంటే దాదాపు 77 కిలోమీటర్లు. శ్రీకాకుళంలో దారం కొస పట్టుకుంటే ఇంచుమించు పలాస దాకా పరవచ్చు. అదంతా ఒక ఆడమనిషి చేతి నుంచి తెగకుండా రావాలి.

ఆ మధ్య పొందూరు వెళ్ళినప్పుడు వడికే ఆవిణ్ణి అడిగాను, “మీ కోడలికి నేర్పలేదా అమ్మా?” అని. “ఏటి బాబూ, కూలికెల్తే బేగి డబ్బులొత్తాయి. దీనికి కల్లుండాల, ఓపికుండాల. నాతోనే సరి,” అంది. ఆమె వయసు నా వయసుకు అటూ ఇటూ. మనం అరవైకి ముందే రిటైరై పెన్షను తీసుకుంటున్నాం. ఆమెకు రిటైర్మెంటు లేదు, ఇంక్రిమెంటూ లేదు. మనం ‘వారసత్వ సంపద’ అని సభల్లో చెప్పుకునేది ఇలాంటివాళ్ళ వేళ్ళ చివర ఉంది. వాళ్ళతోనే పోతే దేవాలయంలా రాతిలో నిలిచి ఉండదు. బుడితి ఇత్తడి పనివారి సంగతి, గుండెకు తప్పెట కట్టుకుని ఆడే తప్పెటగుళ్ళవారి సంగతి కూడా ఇంతే.

ఉద్దానం మాట చెప్పకుండా ముగించలేను. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలతో పచ్చగా ఉండే సీమ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఆ తోటలను పడగొట్టింది. కొబ్బరిమొక్క నాటి కాపు చూడాలంటే ఏళ్ళు పడుతుంది, అందాకా ఇల్లెలా గడుస్తుంది? దానికి ముందు నుంచీ కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాలను తినేస్తోంది. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభించారు. హిరమండలం నుంచి మంచినీటి పథకమూ వచ్చింది. పలాస జీడిపప్పు నోట్లో వేసుకునేటప్పుడు దాని వెనకున్న మనుషులు కూడా గుర్తు రావాలి.

తిండి సంగతి చెబితే తల్లులు సంతోషిస్తారు. చక్కెర జబ్బు వచ్చాక డాక్టరు చెప్పాడని ఊరూరా రాగిజావ పాకెట్లు కొంటున్నాం. మన అమ్మలు దాన్నే చోడి అంబలి అని ముంతలతో పోసేవారు! చద్దన్నంలో ఉల్లిపాయ, ఆవపెట్టిన పనసపొట్టు కూర, నువ్వుల పొడి, వేసవిలో పచ్చి జీడిపప్పు కూర, సంక్రాంతి రోజుల్లో తంపటేసిన గేగులు. మనవలకు గేగులంటే ఏమిటో తెలియదు. వండి పెడితే గాని మాట బతకదు.

నేను కోరేది పెద్ద పనులు కావు. వచ్చే సెలవుల్లో పిల్లలను సినిమా హాలుకు ఒకరోజు తక్కువ తీసుకెళ్ళి, ముఖలింగానికి ఒకరోజు తీసుకెళ్ళండి. ఇంట్లో పెళ్ళికి పెట్టే బట్టల్లో ఒక్క జత పొందూరుది కొనండి, బేరమాడకండి. మీ అత్తగారు, అమ్మగారు వండిన వంటలు, వాడిన మాటలు ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. నోటు రాయడం మనకు కొత్త కాదు. ఈ నోటుకు పై అధికారి సంతకం అక్కరలేదు.

సంఘం తరఫున శీతాకాలంలో ఒక బస్సు వేసుకుని రెండురోజుల యాత్ర చేద్దామని ప్రతిపాదిస్తున్నాను. మొదటిరోజు అరసవల్లి, శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం. రెండోరోజు పొద్దున్నే పొందూరు, తర్వాత ముఖలింగం, సాయంత్రానికి తేలినీలాపురం. మోకాళ్ళ నొప్పులవారికి ముందు సీట్లు, మనవలతో వచ్చేవారికి మొదటి అవకాశం. పేర్లు కోశాధికారిగారికి ఇవ్వండి.