హాస్కెల్ జట్టు మనకు చెప్పేది

 

అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో హాస్కెల్ అనే చిన్న విద్యాసంస్థ ఉంది. 1884లో ఆదివాసీ పిల్లల వసతి బడిగా మొదలైంది. అక్కడ పిల్లలను సొంత భాష మాట్లాడనివ్వలేదు. చనిపోయిన పిల్లల సమాధులు ఇప్పటికీ ఆ ఆవరణలోనే వందకు పైగా ఉన్నాయి.

1891లో బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన నైస్మిత్ 1898లో అదే పట్టణానికి వచ్చారు. ఆయన శిష్యుడు ఫాగ్ అలెన్ 1908-09లో హాస్కెల్ పురుషుల జట్టుకు శిక్షణ ఇచ్చారు. 1993లో ఆ సంస్థ విశ్వవిద్యాలయమైంది. నేడు వేర్వేరు తెగల యువకులు అక్కడ ఒకే జట్టుగా ఆడుతున్నారు.

ఆట బయటిదే, దాన్ని తమది చేసుకున్నది పిల్లలు. మన ఆశ్రమ పాఠశాలల్లోనూ ఆటస్థలం ఉండాలి. అక్కడ మన పిల్లలు మన భాషలోనే ఒకరినొకరు పిలుచుకోవాలి.