లింకు డాక్యుమెంటు లేని కితాబు



మాస్టారి పూర్తి పేరు ఈ బ్యానర్ మీద ఉంది. నా నోటికి మాత్రం ఆయన మాస్టారే. ఆయన చదువు, పదవులు, పుస్తకాలు ఆహ్వానపత్రంలో అచ్చయ్యాయి కాబట్టి మళ్లీ చదవను. నాకు గుర్తున్నది ఆయన ఎర్ర పెన్సిలు. నా తొలి వ్యాసం పట్టుకుని వాళ్లింటికి వెళ్తే, అమ్మగారు పెట్టిన ఉప్మా నేను తినేలోగా ఆయన ఒకే ఒక్క వాక్యం కింద గీత గీశారు. “ఇది నువ్వు చూశావా, ఎవరో చూశారని విన్నావా?” అన్నారు. తెలుగును నికోలో కాంటి ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అన్నాడనే వాక్యం అది. నేను చూడలేదు. ఉప్మా ప్లేట్లోనే చల్లారిపోయింది. ఆయన పేరిట మీరిస్తున్న ఈ గౌరవాన్ని స్వీకరిస్తూ ఆ గీత గురించే మాట్లాడతాను.

 

విద్యార్థులారా, భాష, సమాజం, యూరప్ అధ్యయనాల మీద మీరు ఈ కోకాపేటలో చదవబోయే పత్రాల సారాంశాలు నాకు ముందే అందాయి. చాలావాటిలో మొదటి పేరాలోనే కాంటి ఉన్నాడు. కొన్నిట్లో ఆయన 16వ శతాబ్దంలో కృష్ణదేవరాయల కొలువు కూడా చూశాడు. ఇదే కోకాపేటలో 2023 ఆగస్టు వేలంలో ఎకరం వంద కోట్లు దాటింది. ఇక్కడ వంద గజాలు కొనేవాళ్లయినా ఈసీ తీయిస్తారు, లింకు డాక్యుమెంట్లు అడుగుతారు, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో వెనక్కి వెళ్లి చూస్తారు. భాష పరువు నిలబెట్టే మాటకు ఆపాటి వాకబు అక్కర్లేదా?

చేద్దాం. కాంటి వెనీసు వర్తకుడు. విజయనగరం చూసింది 1420 ప్రాంతంలో, పోయింది 1469లో. రాయలు గద్దెనెక్కింది 1509లో. కాంటి నోట విన్నది పోప్ కార్యదర్శి పోజ్జో బ్రాచ్చోలీని లాటిన్‌లో రాసి, తన గ్రంథంలో నాలుగో భాగం చేశాడు. దాని ఇంగ్లీషు అనువాదాన్ని 1857లో హక్లూయిట్ సొసైటీ అచ్చువేసింది. అందులో విజయనగరం ఉంది, మైలాపూరు ఉంది, సతీసహగమనం ఉంది. భారతీయుల్లో భాషలు చాలా ఉన్నాయన్న ముక్కా ఉంది. తెలుగును ఇటాలియన్‌తో పోల్చిన మాట లేదు. పైగా ఇక్కడివాళ్లు పేజీ పైనుంచి కిందికి రాస్తారని ఉంది! తెలుగు రాత చూసినవాడు ఆ మాట అంటాడా?

ఈ పోలిక 19వ శతాబ్దపు ఇంగ్లీషువాళ్ల పుస్తకాల్లో కనిపిస్తుంది. దానికి పాతకాలపు పరువు కోసం కాంటి పేరు తగిలించారన్నది నా వాదన. ‘నోటిమాటగా అని ఉండొచ్చు కదా’ అన్నారు ఒక పెద్దమనిషి. అన్నాడనుకుందాం, ఆ మాట ఎవరి ద్వారా మన దాకా వచ్చింది? ఆ మధ్య లింకు చూపించండి. ‘ఎవరన్నా ఏం, తెలుగు అజంతమే కదా’ అంటారు ఇంకొందరు. అన్నం తిన్నాం అంటాం, పుస్తకం కొన్నాం అంటాం. ఆ నాలుగు మాటలూ మకారంతోనే ఆగుతాయి. ఇటాలియన్‌లో ‘కాన్’, ‘పెర్’ హల్లుతో ముగుస్తాయి. అచ్చుతో ముగియడమే కొలత అయితే కన్నడానికి ఆ బిరుదు ఎందుకివ్వరు? కాంటి చూసిన రాజధానిలో ఆ భాషా బలంగా వినిపించేది.

నా బాధ కాంటి మీద కాదు. యూరప్ అధ్యయనమంటే యూరప్ మనకిచ్చిన కితాబులు ఏరుకోవడమని మన పిల్లలు అనుకుంటున్నారు. బెంజమిన్ షుల్ట్జ్ 1728లోనే లాటిన్‌లో తెలుగు వ్యాకరణం రాశాడు. జర్మనీకి తిరిగెళ్లి, హాలేలో 1746 నుంచి తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. పొగడలేదు, కూర్చుని నేర్చుకున్నాడు. మీ సారాంశాల్లో ఆయన పేరు ఒక్కచోటా లేదు. తార్నాకలో జర్మన్, ఫ్రెంచి, స్పానిష్ చెప్పే విశ్వవిద్యాలయం ఈ ఊళ్లోనే ఉంది. అక్కడ జర్మన్ నేర్చిన అమ్మాయి ఒకరు హాలే పుస్తకాలు చదివి ఇక్కడ పత్రం చదివితే నేను ముందు వరసలో కూర్చుని వింటాను.

నా వంతుగా పోజ్జో నాలుగో భాగాన్ని నేరుగా లాటిన్ నుంచి తెలుగులోకి తెస్తున్నాను. సగం అయింది. కాంబే వాళ్లు తప్ప మిగతా భారతీయులు ఆకుల మీద రాస్తారని చెప్పే వాక్యం మొన్న రాత్రి వచ్చింది. ‘తాటాకులు’ అని రాయబోయాను. మూలంలో ఉన్నది చెట్ల ఆకులు, అంతే. తాటి ఊసు లేదు. కొట్టేసి, ‘చెట్ల ఆకులు’ అనే రాశాను.