కారులో దాగిన కెమెరా

1973లో అమెరికాలోని అయోవా సిటీ. ఓ భవనం తలుపు కిందనుంచి కాలిబాట మీదికి నెత్తురు పారింది. దారిన పోయేవాళ్లు చూస్తున్నారు, తప్పుకుని నడుస్తున్నారు. ఆగి ఉన్న కారులో అక్కతో కూర్చుని ఓ విద్యార్థిని సూపర్ 8 కెమెరాతో ఆ బాటసారులను చిత్రిస్తోంది.

ఆమె అనా మెండియెటా. పుట్టింది క్యూబాలో. 1961లో, 12 ఏళ్ల వయసులో, అమ్మానాన్నలను వదిలి అక్కతో అమెరికా చేరింది. అయోవా విశ్వవిద్యాలయంలో చిత్రలేఖనం చదివింది. తాను చెప్పదలచినదానికి రంగుల బొమ్మలు చాలవనిపించి, హాన్స్ బ్రేడర్ నడిపే ఇంటర్‌మీడియా తరగతుల వైపు మళ్లింది. అక్కడ ఒంటినే కాన్వాసు చేసుకోవచ్చు.

తలుపు దగ్గర అనా పోసిన ఆ నెత్తురు జంతువులది. అదే ఏడాది క్యాంపస్‌లో ఒక విద్యార్థిని హత్య జరిగింది. దాని మీది కోపంలోంచి వచ్చిన పని ఇది. నటించింది మాత్రం అనా కాదు, తెలియకుండానే ఊరి జనం! నాకు ఇందులో అన్నిటికన్నా పదునుగా అనిపించేది ఆ ఎత్తుగడే.

సూపర్ 8 రీలు మూడు నిమిషాల పైచిలుకే నడుస్తుంది. ఒక్కసారి జరిగి మాయమయ్యే ప్రదర్శనకు అది సాక్ష్యంగా మిగులుతుంది. 1985లో కన్నుమూసేలోగా ఆమె అలాంటి చిన్న సినిమాలు 100కు పైగా తీసింది. చాలావాటిలో శబ్దమే ఉండదు.